దీక్షలో నాలుగో రోజు

"స్వామీ, మా పుష్పలత ఎప్పుడు లేస్తది? గొక్క మాట చెప్పి పో స్వామీ."

చాప మీద కొట్టుకుంటున్న మనిషి పాదాలు పట్టుకుని పక్కింటి రేణుకమ్మ తన కోడలి కోసం అడుగుతోంది. ఎవరో కర్పూరం వెలిగించారు. ఇంకెవరో ఆయన గుప్పిట్లో నిమ్మకాయ పెట్టబోతే అది జారిపోయి, దొర్లుకుంటూ వచ్చి గడపలో వినీత కాళ్ళ దగ్గర ఆగింది.

వినీత భుజాన బ్యాగు ఇంకా దిగలేదు. హైదరాబాదు నుంచి మొదటి బస్సుకు బయలుదేరి, బోధన్ బస్టాండులో తమ్ముడు నరేష్ ఆటో ఎక్కి, ఇంటి ముందు దిగి నిమిషం కాలేదు.

ముందు గదిలో పీఠం. పీఠం మీద ఆంజనేయుడి పటం, సింధూరం, తమలపాకుల దండ. దాని ముందు చాప మీద కాషాయపు లుంగీతో, మెడలో మాలతో తండ్రి భోజన్న. ఒళ్ళంతా బిగుసుకుపోయి ఎగిరెగిరి పడుతోంది. కళ్ళు పైకి తేలిపోయాయి.

"అంజన్న వచ్చిండు మీదికి," అంది వెనక నుంచి ఒక గొంతు, మెల్లగా.

వినీత చూపు తనకు తెలియకుండానే చేతి గడియారం మీదికి పోయింది. పదకొండేళ్ళ అలవాటు అది. ప్రయోగశాలలో ఎలుకకు మూర్ఛ వస్తే మొదట సమయం రాసుకోవాలి. అలాంటివి కొన్ని వందలు చూసింది. మనిషికి రావడం మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

బ్యాగు వదిలేసి తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయనను ఎడమ పక్కకు ఒత్తిగిలించి, చున్నీ మడిచి తల కింద పెట్టింది.

"జర జరుగుండ్రి. గాలి రానియ్యిండ్రి. ఆ కర్పూరం తియ్యవ్వా."

"ముట్టకే," అంది తల్లి సుమిత్రమ్మ. "బస్సుల వచ్చి తానం లేకుంట స్వామిని ముడ్తవా? దేవుడు మీదికి వచ్చిండు."

"దేవుడు గాదవ్వా. ఫిట్స్ వచ్చినయి."

నలభై ఎనిమిది సెకన్లకు ఆ కొట్టుకోవడం ఆగింది. బరువైన శ్వాస మొదలైంది. కింది పెదవి తెగి గడ్డం మీదికి నెత్తురు కారింది. అది చూశాక గదిలో భక్తి కొంత తగ్గి, భయం మిగిలింది.

రేణుకమ్మ పాదాలు వదిలింది. ఎవరూ చెప్పకుండానే తన కొంగు చివరను చెంబులో ముంచి, ఆయన మూతి తుడిచింది. పసివాడి మూతి తుడిచినంత నెమ్మదిగా తుడిచింది. ఆ తర్వాత నరేష్ అందరినీ వాకిట్లోకి పంపించాడు.

*

భోజన్న మాల వేసుకున్నది ఆదివారం నాడు. ఆ రోజే కల్లు మానేశాడు. పదకొండేళ్ళుగా పొద్దున రెండు సీసాలు, సాయంత్రం రెండు సీసాలు తప్పని మనిషి ఒక్క పూటలో మానేశాడు. సుమిత్రమ్మ సంతోషం పట్టలేక హైదరాబాదుకు ఫోను చేసింది.

"మంచిదవ్వా," అంది వినీత ఆ రోజు. అని ఫోను పెట్టేసి సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది.

ఆమె పదకొండేళ్ళుగా చూస్తున్నది మెదడు కణాల మీద ఉండే ఒకే ఒక్క జాతి గ్రాహకాలను, అంటే రిసెప్టర్లను. మెదడును నెమ్మదింపజేసే గ్రాహకాలు అవి. మత్తుమందు ఏళ్ళ తరబడి లోపలికి పోతే అవి కణం పైనుంచి ఎలా మాయమవుతాయో, మందు ఆపాక ఎన్నాళ్ళకు తిరిగి పైకి తేలుతాయో ఎలుకల్లో లెక్కగట్టింది. ఆ పని మీదే పీహెచ్‌డీ వచ్చింది, ఆ పని మీదే ఉద్యోగం వచ్చింది. ఇక్కడి కల్లులో ఏ మత్తుపొడి కలుస్తుందో జిల్లాలో ప్రతి ఇంటికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు.

అన్నీ తెలిసి "మంచిదవ్వా" అంది. మూడో రోజు సాయంత్రం, కొత్త పరిశోధనా పత్రంలో "హఠాత్తుగా ఆపివేసినప్పుడు" అన్న వాక్యం టైపు చేస్తుండగా చేతులు ఆగిపోయాయి.

*

"ఇప్పుడు దవాఖానకు తీస్కపోవాలె," అంది వినీత. "అంబులెన్సుకు ఫోన్ చేసిన. అర్ధగంట అన్నరు."

"నా ఆటో లేదా అక్కా?"

"తొవ్వల మల్ల వస్తే ఏం చేస్తవ్? నిజామాబాద్ దాంక పోవాలె. రెండోసారి వస్తే అది ఆగకపోవచ్చు నరేష్. ఆగకపోతే మనిషి దక్కడు."

సుమిత్రమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మాలతోని దవాఖానకు ఎట్ల పోతడే? ఆడ పుట్టుడు, సచ్చుడు అన్నీ ఒక్క కప్పు కిందనే. నలభై ఒక్క దినాల దీక్ష. నాలుగు దినాలకే మైల జేస్తవా?"

"బాపుకు పాణం మీదికి వచ్చిందవ్వా."

"బాపు గాదు. స్వామి అనాలె."

"స్వామికి పాణం మీదికి వచ్చింది."

నరేష్ నవ్వబోయి ఆపుకున్నాడు. సుమిత్రమ్మ నవ్వలేదు.

"పదేండ్ల సంది తాగకు తాగకు అని నువ్వే మొత్తుకుంటివి. ఇడిసిపెట్టిండు. ఇప్పుడు ఇడిసిపెట్టినందుకే రోగమంటివి. ఏం సదువు బిడ్డా నీది?"

ఎలుకల మాట చెప్తే తల్లి వినదు. పటాలు గీసి చూపిస్తే నమ్మే తల్లీ కాదు.

"అవ్వా, మన చెరుకు మడికి కాలువ నీళ్ళు వస్తయి గదా. ఎప్పటికీ నిండుగ వస్తుంటే నువ్వేం చేస్తవ్?"

"తూము మూస్త."

"బాపు మెదడు గదే చేసింది. కల్లుల కలిపే మందుతోని సల్లదనం రోజూ వరదలెక్క వచ్చింది. ఇంత నాకొద్దని మెదడు ఒక్కొక్క తూము మూసుకుంట పోయింది. ఇప్పుడు కాలువ ఒక్కసారే బందైంది. తూములన్నీ మూసే ఉన్నయి. మడి ఏమైతది?"

"ఎండి నెర్రెలు వాస్తది," అంది సుమిత్రమ్మ. ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనకే కోపం వచ్చినట్టు మొహం తిప్పుకుంది.

"తూములు మల్ల తెరుచుకునే దాంక కొంచెం కొంచెం నీళ్ళు ఇయ్యాలె. రోజు రోజుకు తక్కువ జేసుకుంట. గంతే."

"నీళ్ళంటే ఏంది?"

వినీత అబద్ధం చెప్పదలచుకోలేదు.

"గోళీలు. కల్లుల కలిపే మందు జాతే."

సుమిత్రమ్మ చాలాసేపు పీఠం వైపు చూసింది.

"అంటే మాల మీద మత్తు ఇస్తరు. నీ చేతుల మీదుగ."

"డాక్టర్ చేతుల మీదుగ."

"నువ్వు గూడ డాక్టరేనాయె. పేరు ముంగట రాసుకుంటవు."

"ఎలుకల డాక్టరు," అన్నాడు నరేష్ తల వంచుకుని. "ఏమనుకోకక్కా. పదకొండేండ్లాయె. ఒక్క మనిషి నీ సదువుతోని మంచంల నుంచి లేసిండా? మా ఆటో స్టాండుల అడుగుతరు, మీ అక్క ఏం చేస్తదిరా అని. ఎలుకల మెదడు సన్నగ కోస్తది అని చెప్త. వాళ్ళు ఇంకేం అడుగరు."

అది ఎగతాళే. అయినా వినీతకు కోపం రాలేదు.

"ఇయ్యాల ఒక్కడు లేస్తడేమో చూద్దాం తియ్యి," అంది.

*

డాక్టరు శ్రీధర్ ఇంటర్‌లో ఆమె క్లాసు. ఇప్పుడు నిజామాబాద్‌లో మానసిక వైద్యుడు. ఫోను స్పీకరులో పెట్టి తండ్రి పక్కనే కూర్చుంది వినీత. భోజన్న కళ్ళు తెరిచాడు. చేతివేళ్ళు చాప మీద తాళం వేస్తున్నట్టు వణుకుతున్నాయి.

"మంచి పని చేశావు, పక్కకు తిప్పావు," అన్నాడు శ్రీధర్. "ఇక్కడికి రాగానే ఇంజెక్షను మొదలుపెడతాను. ఒక్కటే చిక్కు. రోజుకు ఎంత మందు లోపలికి పోయేదో తెలియదు. తక్కువిస్తే మళ్ళీ ఫిట్స్. ఎక్కువిస్తే శ్వాస మందగిస్తుంది. ఈ వయసులో రెండూ ప్రమాదమే. చూసుకుంటూ పెంచుకుంటూ పోతాం, కాని ఆ అంకె దొరికితే నాకు సగం భయం పోతుంది."

"కల్లులో ఎంత కలుస్తుందో ఎవరికి తెలుస్తుంది?"

"కలిపేవాడికి తెలుస్తుంది. కలిపేవాడు చెప్పడుగా. సరే, బయలుదేరగానే ఫోను చెయ్యి."

భోజన్న కళ్ళు మూసుకున్నాడు.

వాకిట్లో మాటలు వినిపించాయి. గురుస్వామి హన్మండ్లు వచ్చాడు. రోజూ కాషాయపు లుంగీలు కుట్టే దర్జీ ఆయన. పద్దెనిమిదేళ్ళుగా ఏటా మాల వేసుకుంటాడు, వేస్తాడు. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి వచ్చినట్టున్నాడు. మాల పక్కనే అదీ వేలాడుతోంది.

"గురుస్వామీ, మీరే చెప్పుండ్రి," అంది సుమిత్రమ్మ. ఇక ఈ బరువు తనది కాదన్నట్టు గుమ్మంలోనే కూలబడింది. "దవాఖాన అంటున్నది. మత్తుగోళి అంటున్నది. మీరు ఒద్దంటే ఒద్దు, ఊ అంటే ఊ."

హన్మండ్లు చాప అంచున కూర్చుని భోజన్న చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఆ చేతితో పాటు ఆయన చేతులూ వణికాయి.

"సుమిత్రమ్మా, నాకు షుగర్ ఉన్నది ఎరుకేనా? పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి గోళి. పద్దెనిమిదేండ్ల సంది గోళి ఏసుకునే దీక్ష జేస్తున్న. స్వామి ఒక్కనాడు కోపం జెయ్యలే."

"అది షుగర్ గోళి. ఇది మత్తు."

"మందు కోసం కొండనే ఎత్తుకొచ్చినాయన ముంగట గోళికి పేర్లు వెడ్తవా? తీస్కపోండ్రి. మాలతోనే తీస్కపోండ్రి. ఆడ చెప్పులు తొడుగుమంటే తొడుగు స్వామీ. కాళ్ళకు రోగాలంటుతయి."

సుమిత్రమ్మ కళ్ళు తుడుచుకుంది. లేచి వంటింట్లోకి పోయింది. స్వామి కంచం, స్వామి గ్లాసు, ఉతికిన ఇంకో లుంగీ ఒక సంచిలో సర్దుతున్న చప్పుడు వినిపించింది. నరేష్ ఊపిరి వదిలి, సందు మొదట్లో అంబులెన్సు తిరగడానికి ఆటో అడ్డం తీయడానికి పోయాడు.

వినీతకు బస్సు ఎక్కినప్పటి నుంచి బిగిసి ఉన్న భుజాలు మొదటిసారి వదులయ్యాయి.

అప్పుడు భోజన్న మాట్లాడాడు. పెదవి వాచి మాట ముద్దగా వచ్చింది.

"గురుస్వామీ. మాల తియ్యి."

"చెప్పిన గదా స్వామీ, తియ్యనవసరం లేదని."

"తియ్యి."

"తీసుడు నాకు రెండు నిమిషాల పని. నలభై ఒక్క దినాలని మొక్కినవు. నడుమ ఇడువాలంటే కారణం చెప్పాలె. నాకొద్దు, ఆయనకు చెప్పు," అని పటం వైపు చూపించాడు హన్మండ్లు.

భోజన్న పటం వైపు చూడలేదు. కూతురి చేతిలోని ఫోను వైపు చూశాడు.

హన్మండ్లు ఆ చూపును చూశాడు. ఎన్నో మెడల్లో మాలలు వేసిన మనిషి ఆయన. మెల్లగా లేచాడు.

"అంబులెన్సోనికి మన సందు దొరుకది. చౌరస్తల నిలవడ్త," అని వెళ్ళిపోయాడు.

*

గదిలో తండ్రీ కూతురూ మిగిలారు. వాకిట్లో ఎవరో బీడీల చాట కడిగి ఆరబెట్టారు. తునికాకు వాసన లోపలికి వస్తోంది.

"ఎందుకు తియ్యమంటున్నవ్?"

"మాల మీద అబద్ధమాడొద్దు బిడ్డా."

నాలుగు రోజులుగా ఆడవాళ్ళందరినీ "మాతా" అని పిలుస్తున్న మనిషి బిడ్డా అన్నాడు. వినీత దిద్దలేదు.

"ఎవ్వరు ఆడమన్నరు?"

"నిజం గూడ చెప్పరాదు. గందుకే తియ్యమంటున్న."

ఆమె ఎదురుచూసింది. ప్రయోగశాలలో నేర్చుకున్నదాంట్లో ఆ క్షణానికి అదొక్కటే పనికొచ్చింది. ఏమీ కదలనప్పుడు తొందరపడి సూక్ష్మదర్శిని కింది గిన్నెను కదపకూడదు.

"డ్రమ్ముకు ఒక సోడాసీస మూతెడు పొడి," అన్నాడు భోజన్న కప్పు వైపు చూస్తూ. "తలగొట్టి, సాపుగ. పండుగ దినాలల్ల మూతన్నర. డ్రమ్ముకు మూడొందల సీసలు. లెక్క నువ్వు గట్టు."

వినీతకు గాజు పెట్టెలో ఉండే తమ తూకం యంత్రం గుర్తొచ్చింది. అదే తెల్లటి పొడి. తాళం వేసిన బీరువా నుంచి తీసి, సంతకం పెట్టి, ఊపిరి బిగబట్టి తూస్తుంది. ఊపిరి తగిలినా అంకె మారుతుందని.

"కల్లు డిపోల సీసలు కడుగుత అంటివి గదా."

"కడిగిన గూడ."

"ఎప్పటి సంది ఇది?"

"చక్కెర ఫ్యాక్టరీ బందైన యేడు. నువ్వు హైదరాబాద్‌ల చేరిన యేడు." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "కలిపినోడే మొదటి గిలాస తాగాలె. గిరాకీ ముంగట తాగాలె. గది ఆడి కట్టుబాటు. ఎక్కువైతే ముందుగాల వాడే పడతడని. ఒక్కనాడు ఎక్కువ గాలే. నా చెయ్యి మంచిదని పేరు."

ఆ చివరి మాటలో ఎక్కడో కొంచెం గర్వం ఉంది. అది వినీతకు వినిపించింది. తన చెయ్యి కూడా మంచిదనే ప్రయోగశాలలో పేరు. మెదడు పొరను తనంత సన్నగా ఎవరూ కోయలేరని అంటారు. ఆ చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు.

"మొన్న ఆఫీసర్లు వచ్చి డిపో ఐదు దినాలు బందు పెట్టినప్పుడు," అన్నాడు భోజన్న, "నా తాన దాచిపెట్టిన సీసలుండె. తాగిన, మంచిగున్న. పుష్పలత తాన లేకుండె. రోజంత బీడీలు జేసి, ఒళ్ళు నొప్పులకని ఒక్క సీస తాగే పిల్ల. నీళ్ళ బిందెతోనే పడ్డది. ఇప్పటికీ పిల్లలను గుర్తువడ్తలేదు."

"గందుకేనా మాల?"

"ఇంకేం తెల్వలే బిడ్డా నాకు. మాలేసుకుంటె ఆ మూత పట్టుకోరాదు గదా అనుకున్న. మాలేసుకున్న పొద్దు సంది రేణుకమ్మ రోజూ వచ్చి కాళ్ళు మొక్కుతది. స్వామినాయె, ఒద్దనరాదు. కోడలు ఎప్పుడు లేస్తదని నన్ను అడుగుతది. నన్ను."

ఆయన వేళ్ళు మళ్ళీ చాప మీద కొట్టుకోవడం మొదలుపెట్టాయి. వినీత ఆ చేతి మీద చెయ్యి వేసింది. రెండో చేత్తో బ్యాగులోంచి పెన్ను తీసి, బస్సు టికెట్టు వెనక లెక్క కట్టింది. రెండుసార్లు కట్టింది. రెండుసార్లూ అదే అంకె వచ్చింది.

శ్రీధర్‌కు మళ్ళీ స్పీకరులో ఫోను చేసి సీసాకు ఎంతో, రోజుకు ఎంతో చెప్పింది.

"చాలా ఎక్కువ," అన్నాడు. "కాని ఇక భయం లేదు. ఇంతని తెలిశాక నేను చూసుకుంటాను. మీ నాన్నను తీసుకురా."

వినీత కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఇంకో మాట," అన్నాడు శ్రీధర్. "డిపో బందైన వారంలో పడిపోయినవాళ్ళు నా వార్డులో ఇంకా ఆరుగురున్నారు. మీ వీధి పిల్లే, పుష్పలత, పదమూడో మంచం. వాళ్ళందరికీ చీకట్లో బాణం వేసినట్టు మందిస్తున్నాను. ఇదే డిపో అయితే సీసాకు ఇదే లెక్క వాళ్ళకూ సరిపోతుంది. కాని ఎవరో అన్నారని అంత మందు ఎక్కించలేను. కేసు షీటులో పేరుతో సహా రాయాలి. రాస్తే ఊరికే పోదు, పోలీసుల దాకా పోతుంది. ఇంత కచ్చితంగా ఎవరు చెప్పారు వినీతా?"

దూరంగా చౌరస్తా వైపు నుంచి అంబులెన్సు కూత వినిపించింది. గుమ్మంలో రేణుకమ్మ నిలబడి ఉంది. స్టీలు గ్లాసు నిండా మజ్జిగ, పైన కొంగు కప్పి.

"స్వామి ఏం తినకుంట పోతున్నడు బిడ్డా. రెండు గుక్కలు తాగిపియ్యి," అంది.

స్పీకరులో శ్రీధర్ మళ్ళీ అడిగాడు. "వినీతా? ఎవరు చెప్పారు?"

భోజన్న మోచేతి మీద లేవబోయాడు. లేవలేక, వణుకుతున్న చెయ్యి ఫోను కోసం చాచాడు. మాల ముందుకు జారి చాపను తాకింది.

"ఇటియ్యి," అన్నాడు. "నేను చెప్త."

వినీత ఫోను ఇవ్వలేదు. స్పీకరు ఆపి చెవికి ఆనించుకుంది.

అబద్ధమాడొద్దనడానికి ఆమె మెడలో ఏ మాలా లేదు.